పిల్లల వెబ్‌సైటుకూ తాళం వేయించండి



పెద్ద తరగతుల పిల్లలు ఇప్పుడు ప్రాజెక్టు అంటే చార్టుతో ఆగడం లేదు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీదో, రాస్ప్‌బెర్రీ పై మీదో సొంత వెబ్ అప్లికేషన్ నడుపుతున్నారు. క్విజ్, ఇంటి ఖర్చుల లెక్క, అపార్ట్‌మెంట్ లైబ్రరీ జాబితా, ఇలా ఎన్నో. చూస్తే ముచ్చటేస్తుంది.

కానీ ఆ పేజీ తెరవగానే బ్రౌజర్ ‘నాట్ సెక్యూర్’ అంటుంది. “మన సైటే కదా, ఏం కాదు” అని అందరం ముందుకు వెళ్లిపోతాం. నా అభ్యంతరం ఇక్కడే. హెచ్చరికను పట్టించుకోకపోవడం ఇంట్లోనే అలవాటైతే, రేపు రైల్వే స్టేషన్ వైఫైలో బ్యాంకు పేజీకి హెచ్చరిక వచ్చినా ఆ వేలు ఆగదు.

హెచ్‌టీటీపీలో పంపే పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసిన ఉత్తరం లాంటిది. దారిలో ఎవరైనా చదవొచ్చు. హెచ్‌టీటీపీఎస్ అంటే అంటించిన కవరు. దానికి కావలసిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరు నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. దాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. కాబట్టి డబ్బు సాకు కాదు. ఖర్చల్లా డొమైన్ పేరుకే.

పని కూడా కష్టం కాదు. సర్ట్‌బాట్ అనే ఉచిత ప్రోగ్రామ్ సర్టిఫికెట్ తెచ్చిపెడుతుంది. క్యాడీ అనే వెబ్ సర్వర్ వాడితే అదే తెచ్చుకుంటుంది, అదే రెన్యూవల్ చేసుకుంటుంది. ఆ డొమైన్ మీదేనా అని లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు పరీక్షిస్తుంది. మామూలుగా పోర్ట్ 80 ద్వారా మీ సర్వర్‌ను పలకరిస్తుంది. చాలా ఇళ్ల ఇంటర్నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి ఈ పరీక్ష తప్పుతుంది. అప్పుడు పిల్లల్ని విసుక్కోకండి. డొమైన్ డీఎన్‌ఎస్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డు పెట్టే రెండో దారి ఉంది. దానికైతే ఇంటి రౌటర్‌లో బయటివారికి తలుపు తెరవక్కర్లేదు. ఇంటివరకే వాడే అప్లికేషన్‌కు ఇదే మేలు.

కోడ్ రాకపోయినా మీరు చూడవలసినవి మూడున్నాయి.

ఒకటి, పేరు. సర్టిఫికెట్ ఇచ్చిన ప్రతి డొమైన్ పేరూ బహిరంగ జాబితాలోకి చేరుతుంది, ఎవరైనా వెతకొచ్చు. అందుకే పిల్లల పేరు, తరగతి, స్కూలు, కాలనీ ఆ పేరులో ఉండకూడదు.

రెండు, ప్రైవేట్ కీ. అది ఇంటి తాళంచెవి. స్నేహితులకు వాట్సాప్‌లో పంపకూడదు, కోడ్‌తో పాటు గిట్‌హబ్‌లో పెట్టకూడదు.

మూడు, గడువు. మామూలుగా ఈ సర్టిఫికెట్ 90 రోజులే పనిచేస్తుంది. రెన్యూవల్ దానంతటదే జరిగేలా పెట్టారా అని అడగండి.

ఇంకో మాట కూడా చెప్పండి. తాళం ఉన్నంత మాత్రాన లోపలివాడు మంచివాడని కాదు. మోసగాళ్లకూ సర్టిఫికెట్ ఉచితమే. తాళం బొమ్మ చూసి జనం సైటునే నమ్మేస్తున్నారని క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది. కవరు అంటించి ఉందా అన్నది ఒక ప్రశ్న, ఉత్తరం ఎవరికి పంపుతున్నాం అన్నది ఇంకో ప్రశ్న. రెండూ అడగడం మన పిల్లలకు రావాలి.

మార్కుల షీటులో దీనికి గడి లేదు. అయినా ఈ వారాంతం ఒక గంట వాళ్ల పక్కన కూర్చోండి. ప్రాజెక్టు చూపించమనండి, హెచ్చరిక పోయేదాకా కలిసి ప్రయత్నించండి.