తేమ కబురు ఆలస్యమైనా ఫర్వాలేదు, మోటారు కబురు ఆగకూడదు

పొలంలో సెన్సర్ అమ్మడానికి వచ్చినవాళ్లు తరచూ చెప్పే మాట, "ఫుల్ పవర్ పెట్టేశాం, సిగ్నల్‌కి ఢోకా లేదు" అని. నా ఉద్దేశంలో అది తప్పు. ఏ కబురు ఎంత అర్జెంటో చూసి పవర్ ఇవ్వాలి. సెట్టింగులు పై వీడియోలో చూపించాను, కారణం ఇక్కడ రాస్తున్నా.

ఇలాంటి సెన్సర్లలో చాలావాటికి లోరా రేడియో ఉంటుంది. మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. దాని పవర్ 14 డీబీఎం అంటే 25 మిల్లీవాట్లు, 20 డీబీఎం అంటే 100. పవర్ నాలుగు రెట్లు పెంచినా, అడ్డేమీ లేని చోట కూడా దూరం పెరిగేది రెండు రెట్లే. అందుకే ముందు యాంటెన్నాని పైరు కంటే ఎత్తులో కట్టండి. దానికి బ్యాటరీ ఖర్చు లేదు.

ఇంకోటి, ఎస్‌ఎఫ్ సెట్టింగ్. ఎస్‌ఎఫ్ 7లో చిన్న కబురు సెకనులో పదో వంతు లోపే వెళ్లిపోతుంది. ఎస్‌ఎఫ్ 12లో అదే కబురుకి సెకను దాటుతుంది. బ్యాటరీ అంతసేపూ ఖర్చవుతుంది. పైగా అదే ఛానల్‌లో అదే సమయానికి వచ్చిన ఇంకో కబురు దెబ్బతినొచ్చు. అది మోటారు కబురైతే?

ఆచ్ఛాదన వేసిన నేలలో తేమ గంటగంటకీ మారిపోదు. రోజుకి రెండు రీడింగులు, తక్కువ పవర్‌లో చాలు. ఒకటి పోయినా మళ్లీ పంపక్కర్లేదు, తర్వాతది ఎలాగూ వస్తుంది.

బోరులో నీళ్లు తగ్గి మోటారు ఖాళీగా తిరిగితే మాత్రం నిమిషాల్లో పంపు పాడవుతుంది. ఆ కబురుకి గేట్‌వే నుంచి "అందింది" అని జవాబు రావాలి. రాకపోతే అదే పవర్‌లో పదిసార్లు అరవడం కాదు, ప్రతిసారీ ఒక మెట్టు పెంచి పంపాలి. ఫుల్ పవర్ దాచుకోవాల్సింది ఇలాంటి వాటికే. అయినా స్టార్టర్ దగ్గర డ్రై రన్ కట్-ఆఫ్ ఉండాల్సిందే. రేడియో మనకి కబురు చెప్పడానికే, మోటారుని కాపాడే పని దానిమీద పెట్టకండి.

కాబట్టి కొనేముందు మూడు అడగండి: కబురుని బట్టి పవర్ వేరుగా పెట్టొచ్చా? సిగ్నల్ బాగుంటే తనే పవర్ తగ్గించుకుంటుందా? జవాబు రాకపోతే ఏం చేస్తుంది? వీటికి సమాధానం చెప్పలేనివాళ్ల దగ్గర, ధర ఎంత తక్కువైనా, నేనైతే కొనను.