ఉక్కుకూ ఆముదమే!

మన రాజంపేట వైపు బోరులోంచి తీసిన పాత ఇనుప పైపు చూశారా? పొరలు పొరలుగా తుప్పు. గ్యాస్ బావుల్లో ఇంకా ఘోరం. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి, గోలీసోడాలోలా ఆమ్లమై ఉక్కును తినేస్తుంది. అందుకే 'ఇన్హిబిటర్' అనే మందు కలుపుతారు. చాలాచోట్ల లక్ష లీటర్లకు రెండు మూడు లీటర్లు చాలు. దాని అణువు తల ఉక్కును పట్టుకుంటుంది, నూనెలాంటి తోక నీటిని నెట్టేస్తుంది. కొడవలికి ఆముదం రాసి చూరులో దోపినట్టే! కాకపోతే ఈ పూత కొట్టుకుపోతుంటుంది, మందు ఆపకూడదు. బావి దాటాక, గొట్టాల్లోనూ తడి ఉంటే అంతే.

2014 జూన్ 27న తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్‌కని వేసిన గొట్టంలో తడి గ్యాస్ పారి, లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది.