ఉమ్మడి తాళమునకు కావలి యెవ్వరు?

రహస్యలిపి యొకప్పుడు రాజులకును దండనాయకులకును మాత్రమే కావలసిన విద్య. నేడు కూరగాయలమ్ముకొనువానికిని అది లేనిదే గడవదు. చేతిలోని ఫోనునుండి బ్యాంకునకు పోవు మాటను నడిత్రోవలో పరులు చదువకుండ కాపాడునది ఎన్‌క్రిప్షను. ఆ పని చేయు ప్రోగ్రాముల సంపుటమునకే ఎన్‌క్రిప్షను లైబ్రరీ యని పేరు. ప్రతి ఆపరేటింగు సిస్టమును తన తాళమును తానే చేసికొనదు. ఒక్క లైబ్రరీనే పెక్కు సిస్టములు వాడుకొనును. కావున ఆ తాళమున దోషమున్నచో అది యొక యింటి దోషము గాదు, ఊరంతటి దోషము.

ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరునందు దాపరికము లేదు. ఎవ్వరైనను మూలమును చదివి తప్పు పట్టవచ్చును. ఈ సూత్రమును మేము మనసార గౌరవింతుము. కాని “చూడవచ్చును” అనుట వేరు, “చూచుచున్నారు” అనుట వేరు. 2006లో డెబియను సిస్టమువారు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. లైబ్రరీలో చేసిన చిన్న మార్పువలన, లెక్కకందరాని తాళపుచెవులు రకమునకు సుమారు 32 వేలకు తగ్గిపోయినవి. ఈ సంగతి 2008 మే నెలవరకు బయటపడలేదు.

అంతకు మించినది హార్ట్‌బ్లీడ్. ఒక కంప్యూటరు రెండవదానికి చిన్న మాటను పంపి, దాని పొడవు ఇంత యని చెప్పి, తిరిగి పంపుమని కోరును. రెండవది ఆ పొడవు నిజమో కాదో కొలువక, అడిగినంతయు తన జ్ఞాపకమునుండి తీసి యిచ్చెడిది. ఒక్కొక్క సారికి 64 కిలోబైట్లవరకు, సంకేతపదములతోను తాళపుచెవులతోను కూడ, దొంగచేత పడవచ్చును. 2012 మార్చిలో వెలువడిన యీ దోషము లోకమునకు తెలిసినది 2014 ఏప్రిల్ 7వ తేదీన! రెండేండ్లు మూలము అందరియెదుటను తెరచియే యున్నది. కోట్లమంది నమ్ముకొన్న ఆ లైబ్రరీకి పూర్తికాలము పనిచేయువాడొక్కడే. ఏటా వచ్చు విరాళములు సుమారు 2,000 డాలర్లు. అందరును అందలమెక్కిన మోయువారెవ్వరు?

అప్పుడు ఓపెన్ బి.ఎస్.డి. వారు ఊరక విమర్శించి కూర్చుండలేదు. ఆ లైబ్రరీకి ప్రతి తీసి, మొదటి వారముననే సుమారు 90,000 పంక్తుల పనికిరాని వ్రాతను కోసివైచి, లిబ్రె ఎస్.ఎస్.ఎల్. అను పేర దానిని సంస్కరించి, 2014 నవంబరునందు తమ 5.6వ కూర్పులో నిలిపిరి. వ్రాత తగ్గినకొలది తప్పు దాగు చోటును తగ్గును.

ఆల్పైను, వాయిడు అను లినక్సు సిస్టములును ఈ మార్గము త్రొక్కినవి. కాని యితర ప్రోగ్రాములు పాత లైబ్రరీకే అలవడియుండుటచే, వానినన్నిటిని మాటిమాటికి సవరించు భారమునకు తాళజాలక, మొదటిది 2019లోను, రెండవది 2021లోను వెనుకకు మరలినవి. ఈలోగా ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. కును ధనసహాయమును పరీక్షకులును లభించి అదియు చక్కబడినది. ఇందు మేము చూచు నీతి యొక్కటే: మేలైన తాళమును తెచ్చుట ఒకనాటి పని, దానిని కాచుట నిత్యకృత్యము.

ఇది పరదేశపు ముచ్చట యని మనము తప్పించుకొనరాదు. ఓపెన్ సోర్సును వాడవలెనని భారతప్రభుత్వము 2015లో విధానము ప్రకటించినది. సి-డాక్ వారి బాస్ సిస్టము డెబియనుపైననే కట్టబడినది. వాడుకొనుటలో ముందున్న మనము, మోయుటలో వెనుకబడుట గౌరవముగాదు. ప్రతి బ్యాంకును, ప్రతి ప్రభుత్వ కార్యాలయమును తాను వాడు లైబ్రరీ యేదో యెరిగి, సవరణ వెలువడిననాడే దానిని చేర్చుకొనవలెను. దాని పోషణకు కొంత ధనమీయవలెను. మన యింజనీరింగు కళాశాలలలోని యువకులు ఈ మూలములను చదివి, తప్పులను వెదకుట విద్యలో భాగము కావలెను. ఉచితముగా దొరికినదానికి ఋణము లేదనుకొనుట పొరపాటు. ఆ ఋణమును తీర్చు మార్గము కావలి కాయుటయే.