లైటు వెలిగితే వైరింగ్ సరైనట్టు కాదు

"ఎలుగుతోంది గదా, ఇంకేటి కావాలి?" స్విచ్ మార్చినాయన ఈ మాట అంటాడు, ఇంటివాళ్లు తలూపుతారు, డబ్బు చేతికిస్తారు. సాలూరులోనే కాదు, ఉత్తరాంధ్రలో ఏ వీధిలోనైనా ఈ పనికి పెట్టే పరీక్ష ఇదొక్కటే. ఆ పరీక్ష తప్పు. ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

బల్బు వెలగాలంటే ఫేజ్, న్యూట్రల్ రెండూ అందాలి. స్విచ్ వాటిలో దేన్ని తెంపినా బల్బు ఆరుతుంది, కలిపితే వెలుగుతుంది. కాబట్టి స్విచ్ ఏ వైరు మీద ఉందో వెలుగును చూసి ఎవరూ చెప్పలేరు. ఫేజ్‌ను తెంపితే హోల్డరు దాకా కరెంటు రాదు. న్యూట్రల్‌ను తెంపితే లైటు ఆరినా హోల్డరు పిన్నులో 230 వోల్టులు కాచుకునే ఉంటాయి. స్విచ్ ఆపేశాం కదా అని స్టూలెక్కి బల్బు మార్చే చెయ్యి వాటికే తగులుతుంది. న్యూట్రల్‌కు విడిగా స్విచ్ పెట్టకూడదని 1956 నాటి భారత విద్యుత్ నియమాలే చెప్పాయి. ఫేజ్‌తో పాటు ఒకేసారి తెగే జోడు స్విచ్‌కే మినహాయింపు.

"పాత స్విచ్‌కి వైర్లు ఎలా ఉన్నాయో అలాగే బిగించాం" అని మరో సమర్థన. పాతదే తప్పయితే కొత్తది ఒప్పెలా అవుతుంది? పైగా మీటరు దగ్గరో స్తంభం మీదో సర్వీసు వైర్లు తారుమారైతే, అప్పటిదాకా సవ్యంగా ఉన్న ఇంట్లో కూడా స్విచ్‌లన్నీ న్యూట్రల్ మీదికి వచ్చేస్తాయి. లైట్లు మాత్రం మామూలుగానే వెలుగుతుంటాయి. ఆర్పాక కూడా ఎల్‌ఈడీ బల్బు మిణుకుమంటుంటే బల్బును తిట్టుకుంటాం. అది ఈ తప్పుకు గుర్తు కావచ్చు.

"చిన్న బల్బే గదా, ఏటవుద్ది?" అనేవాళ్లకు ఒక లెక్క. 9 వాట్ల బల్బు దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. మనుషుల్ని కాపాడటానికి ఇళ్లలో పెట్టే లీకేజీ బ్రేకరు 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోతుంది. ఆ చిన్న బల్బును వెలిగించే కరెంటే ఒంట్లోంచి పారితే మనిషి ప్రాణానికి ముప్పు.

సాలూరు లారీల ఊరు. లారీ వైరింగ్‌లో ఆరితేరిన చేతులకు ఇక్కడ కొదవ లేదు, ఆ పనితనం మీద నాకు గౌరవమే. కానీ లారీలో ఉండేది 24 వోల్టుల బ్యాటరీ కరెంటు. పొడి చేత్తో ముట్టుకున్నా సాధారణంగా తెలియదు. ఆ ధీమాతో ఇంటి స్విచ్ బోర్డు విప్పకూడదు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. మెయిన్ ఆపాలి. ఇన్వర్టరున్న ఇంట్లో అంతటితో సరిపోదు, మెయిన్ ఆగగానే అదే అందుకుని లైట్ల వైర్లకు కరెంటు పంపుతుంది. దాన్నీ ఆపాలి. మెయిన్ ఆపకముందే కరెంటున్న సాకెట్‌లో టెస్టరు వెలుగుతోందో లేదో చూసుకుని, ఆపాక దానితో బోర్డులో వైర్లు పరీక్షించాలి. స్క్రూలు గట్టిగా బిగించాలి. వదులైన చోట వేడెక్కి స్విచ్ మాడుతుంది. అంతా అయ్యాక స్విచ్ ఆపి, బల్బు తీసి, ఆ తర్వాతే మెయిన్ వేసి, హోల్డరులోని రెండు పిన్నులకూ టెస్టరు ఆనించాలి. ఏదీ వెలగకూడదు. వెలిగితే పని కాలేదన్నమాట. ఇంట్లో అన్ని హోల్డర్లూ అలాగే ఉంటే తేడా మీటరు దగ్గరో, అంతకు ముందో ఉండవచ్చు. అక్కడ మీరు చెయ్యి పెట్టకండి, 1912కు ఫోన్ చేసి విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ సిబ్బందిని రప్పించండి.

స్విచ్ మార్చినాయన మీకు ఎంత దగ్గరివాడైనా సరే, "లైటు వెలిగించి చూపించావు, ఇప్పుడు ఆర్పి హోల్డరులో టెస్టరు పెట్టి చూపించు బాబూ" అని అడగండి. అది చూశాకే డబ్బివ్వండి.