పేడ ఎత్తే రోబో కన్నా ముందు కొట్టం నేల సంగతి చూడాలి

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో సాలువా ఉంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ శిబిరం, వైమానిక దళ స్థావరం ఉన్న ఊరు కాబట్టి బయటివాళ్లకి అది యూనిఫాంల ఊరుగానే తెలుసు. శిబిరం గోడలు దాటి ఎర్రమట్టి పల్లెల్లోకి వెళితే కనిపించేది వేరు: రెండు మూడు ఆవులు కట్టిన పాకలు, వరిగడ్డి వాములు, గోడలకు కొట్టి ఆరబెట్టిన పిడకలు. బెంగాలీలు వాటిని ఘుంటే అంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని కోసం వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి ఈ దృశ్యంలో కొత్తేమీ లేదు. సొంత ఊళ్లో వదిలి వచ్చిన పశువుల శాల కూడా ఇలాంటిదే. తెల్లవారకముందే లేచి పేడకళ్లు ఎత్తే పని అక్కడా ఇక్కడా ఇంటి ఆడవాళ్లదే.

ఈ పనిని మనిషి చెయ్యి తగలకుండా చేసే యంత్రాలు ఐరోపాలో చాలా ఏళ్లుగా ఉన్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన లేలీ, స్వీడన్‌కు చెందిన డెలావల్ వంటి కంపెనీలు వాటిని అమ్ముతున్నాయి. వందల కిలోల బరువుండే గుండ్రటి బండి ఒకటి మనిషి నడక కన్నా నెమ్మదిగా ఆవుల మధ్య తిరుగుతూ, ముందున్న పలకతో పేడను నేలలోని చీలికల గుండా కింది గుంతలోకి నెట్టేస్తుంది. చీలికలు లేని గచ్చుల కోసం చేసిన రకం పేడను పీల్చుకుని, నిండగానే ఒక నిర్ణీత చోటికి వెళ్లి దింపుకుంటుంది. దారి తెలుసుకోవడానికి గోడ నుంచి దూరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలుస్తుంది, ఎంత తిరిగిందో గైరోస్కోప్‌తో లెక్కపెట్టుకుంటుంది. ఛార్జి తగ్గితే తనంతట తానే గూటికి చేరుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ వీడియోలు చూసినవాళ్లకి మన దగ్గర కూడా ఇలాంటిది రావాలనిపించడం సహజం.

అయితే ఆ యంత్రం ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో ముందు చూడాలి. నెదర్లాండ్స్‌లో పాడి రైతుకు కూలి మనిషి దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. దానికి తోడు అమోనియా సమస్య. పశువుల నుంచి వెలువడే నత్రజని సున్నితమైన సహజ ప్రాంతాల మీద పడి అక్కడి మొక్కల్ని దెబ్బతీస్తోందన్నది అక్కడ పెద్ద రాజకీయ వివాదం. నత్రజని అనుమతులకు ఆధారంగా ఉన్న ప్రభుత్వ విధానాన్ని 2019 మే 29న ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కొట్టేసింది. అదే ఏడాది అక్టోబరులో రైతులు ట్రాక్టర్లతో హేగ్ నగరాన్ని ముట్టడించారు. కొట్టం నేల మీద పేడ ఎంతసేపు ఉంటుందన్నది అక్కడ చట్టం దాకా వెళ్లిన విషయం.

ఆ రసాయన శాస్త్రం మాత్రం మనకూ వర్తిస్తుంది. ఆవు మూత్రంలో యూరియా ఉంటుంది. దాన్ని విడగొట్టే యూరియేజ్ అనే ఎంజైమ్ మూత్రంలో ఉండదు, పేడలోని బ్యాక్టీరియాలో ఉంటుంది. రెండూ విడివిడిగా ఉన్నంతవరకు పెద్దగా ఏమీ జరగదు. కలిసిన కొద్ది గంటల్లోనే యూరియా విరిగి అమోనియా గాలిలోకి లేస్తుంది. వేడి పెరిగే కొద్దీ ఈ చర్య వేగం పెరుగుతుంది. ఖరగ్‌పూర్ మే నెల ఎండలో ఇది ఆమ్‌స్టర్‌డామ్ చలిలో కన్నా ఎంత జోరుగా సాగుతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడే రోబో గొప్పతనం కొంత తగ్గుతుంది. నేల మీది పేడను పలకతో తోసేసినా పలచటి తడిపొర మిగిలే ఉంటుంది. గరుకు సిమెంటు రంధ్రాల్లో ఎంజైమ్ అంటుకుని ఉంటుంది. ఆవు మళ్లీ మూత్రం పోయగానే ఆ పొరే చాలు, చర్య మొదలవడానికి. అందుకే తరచూ గీకడం వల్ల ఆవు గిట్టలు, పొదుగు శుభ్రంగా ఉంటాయి, జారిపడటం తగ్గుతుంది కానీ, అమోనియా ఆశించినంత తగ్గదు. మూత్రం పేడను కలవకముందే పక్కకు జారిపోయేలా నేలను కట్టడం అంతకన్నా మేలైన పని. ఐరోపా పరిశోధకులు కూడా ఇప్పుడు ఆ దారే పడుతున్నారు. ఆ పనికి మోటారు అక్కర్లేదు, వాలు కావాలి. మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల వాలు, చివర ఒక కాలువ ఉంటే భూమ్యాకర్షణ జీతం లేకుండా పనిచేస్తుంది.

పేడ గురించి భౌతికశాస్త్రం చెప్పేది ఇంకొకటి ఉంది. పేడలో 80 శాతానికి పైగా నీరే అయినా అది నీటిలా పారదు. టూత్‌పేస్ట్‌లా, కొంత ఒత్తిడి పడేదాకా కదలదు, ఆ హద్దు దాటాక జారుతుంది. పీల్చే రోబోలు నేల మీద నీళ్లు చల్లుకుంటూ వెళ్లడానికి కారణం ఇదే: పేడకీ నేలకీ మధ్య ఒక జారుడు పొర ఏర్పడాలి. పాతర గడ్డి, దాణా తినే హోల్‌స్టీన్ ఆవు పేడ జావలా ఉంటుంది. ఎండు వరిగడ్డి తినే సాలువా ఆవు పేడ పీచుతో గట్టిగా ఉంటుంది, పిడక కొట్టడానికి వీలయ్యేది అందుకే. ఒక దేశపు మేతకు తగ్గట్టు చేసిన యంత్రాన్ని ఇంకో దేశపు మేత మీద తిప్పితే గొట్టంలో గడ్డిపోచలు ఇరుక్కోవడమే మొదటి అనుభవం అవుతుంది.

రోబో తిరగాలంటే ఆవులు కట్టుతాడు లేకుండా తిరగాలి, నేల విశాలంగా, సమంగా ఉండాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి పశువులు 19 కోట్లకు పైగా, గేదెలు దాదాపు 11 కోట్లు. వాటిలో అత్యధిక భాగం రెండు మూడు పశువులున్న ఇళ్లలో గుంజకు కట్టేసి ఉంటాయి. పెద్ద పెద్ద శాలలు మనకు అసలే తెలియనివని కాదు. సైన్యానికి పాల కోసం 1889లో అలహాబాద్‌లో మొదలైన సైనిక పాడిక్షేత్రాలు దేశమంతా విస్తరించాయి, క్రమశిక్షణతో నడిచిన పెద్ద మందలవి. 2021 మార్చి 31తో వాటిని మూసేశారు.  ప్రైవేటు రంగంలో వందల ఆవులున్న క్షేత్రాలు కొన్ని ఉన్నాయి. వాటికి ఈ యంత్రం పనికిరావచ్చు, కొనుక్కోనివ్వండి. ప్రజాధనంతో నడిచే పరిశోధన, రాయితీలు ఎటు వెళ్లాలన్నది వేరే ప్రశ్న.

ఐరోపా యంత్రం పేడను వదిలించుకోవాల్సిన వస్తువుగా చూస్తుంది. మన ఇళ్లలో అది ఆస్తి. లెక్క వేసి చూస్తే: సుమారు 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గోబర్‌గ్యాస్ వస్తుంది, అది దాదాపు 0.45 కిలోల వంటగ్యాస్‌తో సమానం. పది ఆవులు రోజుకి వంద కిలోల పేడ వేస్తే నాలుగు ఘనపు మీటర్లు, అంటే 1.8 కిలోల వంటగ్యాస్. 14.2 కిలోల సిలిండరు ఎనిమిది రోజులకొకటి వచ్చినట్టు. చలికాలంలో ఈ లెక్క కొంత తగ్గుతుంది, మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వెచ్చదనం ఇష్టం. మూత్రం సంగతీ చూడాలి. రోజుకి పది లీటర్లు, అందులో అర శాతం నత్రజని అనుకున్నా ఏడాదికి 18 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 21 కిలోల లోపే. అంటే ఒక్కో ఆవు వెనక ఏటా ఇంచుమించు ఒక యూరియా బస్తా నేలలో ఇంకిపోతోంది, లేదా ఘాటైన వాసనై గాలిలో కలుస్తోంది. రైతు మళ్లీ బస్తా కొనడానికి దుకాణం ముందు నిలబడుతున్నాడు.

శుభ్రం చేసే పద్ధతే పేడ భవిష్యత్తును నిర్ణయిస్తుంది, ఈ సంగతి చాలామంది గమనించరు. బెంగాల్ పట్టణాల్లో ఖటాల్ అని పిలిచే పశువుల కొట్టాల్లో గొట్టంతో నీళ్లు కొట్టి కడగడం మామూలు. నేల తళతళలాడుతుంది. పేడ మాత్రం మురుగుకాలువలో చేరి ఎవరికీ కాకుండా పోతుంది. గోబర్‌గ్యాస్ తొట్టెకు పేడ, నీరు సమపాళ్లలో కలిపితే చాలు. పైపుతో కడిగిన నీళ్లలో అంత చిక్కదనం ఉండదు, తొట్టెలో పోసినా గ్యాస్ రాదు. ముందు పొడిగా ఎత్తి, ఆ తర్వాతే కొద్ది నీళ్లతో కడిగితే రెండూ దక్కుతాయి. పాత తరం ఇల్లాలు చేసేది సరిగ్గా ఇదే, రసాయన శాస్త్రం పేరు వినకుండానే.

అలాగని చేత్తో ఎత్తడమే గొప్పదని మురిసిపోనక్కర్లేదు. నడుం వంచి తట్ట నింపి, నెత్తిన పెట్టుకుని పెంటకుప్ప దాకా మోసే పనిని రోజుకి రెండుసార్లు, ఏడాది పొడుగునా, సెలవు లేకుండా చేసే మనిషి ఒళ్లు ఏమవుతుందో లెక్క కట్టినవాళ్లు తక్కువ. పాల డబ్బు సొసైటీ పుస్తకంలో తరచూ మగవాడి పేరు మీదే పడుతుంది, పేడ పనికి పుస్తకమే లేదు. యాంత్రీకరణ గురించి మాట్లాడేటప్పుడు మొదట చూడాల్సింది ఈ నడుమునే. నిలబడి తోసే రబ్బరు పలక, చక్రాల తోపుడు తట్ట, కాలువలో గొలుసుతో లాగే గీకుడు పలక, వీటికి ఖర్చు వేలల్లో మొదలవుతుంది. రోబోది లక్షల్లో. గుజరాత్‌లోని ఆణంద్ జిల్లా జకరియాపురాలో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు చొరవతో ఇళ్ల వెనక చిన్న గ్యాస్ తొట్లు పెట్టి, మిగిలిన స్లర్రీని ఎరువుగా అమ్మే మహిళల సంఘం ఏర్పడింది. పేడ పనికి పుస్తకం తెరిచిన ఉదాహరణ అది.

సాలువాకు దగ్గర్లోనే, హిజ్లీలో 1951లో మొదలైన దేశపు తొలి ఐఐటీ ఉంది. వ్యవసాయ ఇంజనీరింగ్‌లోనూ దానికి పాత పేరుంది. రోబోకి దారి చూపించే ప్రోగ్రాం రాయగల విద్యార్థులు అక్కడ కొరత కాదు. గట్టి పేడకు పలక ఎంత కోణంలో ఉంటే తక్కువ బలంతో జారుతుంది, ఎర్రమట్టి నేల మీద ఏ గచ్చు తక్కువ ఖర్చుతో తడి పీల్చకుండా, గిట్ట జారకుండా ఉంటుంది, కట్టేసిన ఆవు వెనక కాలువ ఎంత లోతుండాలి: ఇవి పోటీల్లో బహుమతులు తెచ్చే ప్రశ్నలు కావు. కానీ ముప్ఫై కోట్ల పశువుల కింద ఉన్న నేల గురించిన ప్రశ్నలు.

వాటిలో ఒకటి మాత్రం బడిపిల్లలు కూడా తేల్చగలరు. తెల్లవారుజామున, పేడ ఎత్తకముందు, పడుకున్న దూడ ముక్కు ఎత్తులో తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం పట్టుకోవాలి. నిలబడ్డ మనిషికి వాసన అంతగా తెలియకపోయినా, అమోనియా పుట్టే నేలకు దగ్గరగా కాగితం నీలం వైపు తిరగవచ్చు. కాలువ తవ్వి, వాలు సరిచేశాక అదే వేళకు, అదే ఎత్తులో మళ్లీ పట్టి, రంగు మారడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి.