శీలావతికి వరద కావాలి, సొసైటీకి సకాలంలో పిల్ల కావాలి

శీలావతి చెరువులో పెరుగుతుంది గాని చెరువులో గుడ్లు పెట్టదు. బజారులో రోహు పేరుతో అమ్మేది ఈ చేపనే. చూడ్డానికి చిన్న సంగతే. కాని చెరువు మీద బతికే జనం లాభనష్టాలు దీని చుట్టూనే తిరుగుతున్నాయి.

ఈ చేప పుట్టిల్లు గంగ, బ్రహ్మపుత్ర, సింధు నదులు. రెండేళ్లకు ఈడుకొస్తుంది. కిలో బరువుకు రెండు లక్షల పైచిలుకు గుడ్లుంటాయి. అయినా నిలవ నీటిలో వదలదు. వానలు పడి, ఏరు పొంగి, గట్టు దాటి పల్లపు నేలల మీద కొత్తనీరు పారాలి. అప్పుడు ఆ నీటికి ఎదురెక్కి లోతులేని చోట గుడ్లు పెడుతుంది. రోజు తిరక్కుండానే అవి పిల్లలవుతాయి. మన చెరువులో ఆ పారుడేది? గుడ్లు కడుపులోనే కరిగిపోతాయి.

ఈ ముడిని 1957 జూలై 10న ఒడిశాలో ప్రభుత్వ శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు విప్పారు. చేప మెదడు కింద ఉండే గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, వరద లేకుండానే గుడ్లు పెట్టించారు. అది ప్రజల సొమ్ముతో సాధించిన విద్య. ప్రజలకే దక్కాల్సిన విద్య.

మరి దక్కిందా? సైన్సు చేపను వరద నుంచి విడిపించింది. మత్స్యకారుణ్ణి మాత్రం పిల్లలమ్మే కాంట్రాక్టరు గుమ్మంలో నిలబెట్టారు. తెలంగాణలో 2016లో చెరువులకు ఉచితంగా చేపపిల్లలిచ్చే పథకం మొదలైంది. ఉచితం మంచిదే. కాని ఎప్పుడు వచ్చింది, ఎంత సైజు, ఎన్ని వచ్చాయి అన్నవే అసలు ప్రశ్నలు.

లెక్క చూడండి. శీలావతి కిలో దరిదాపుకు రావాలంటే ఏడాది పడుతుంది. మన చిన్న చెరువులు శ్రావణంలో నిండి చైత్రానికే అడుగంటుతాయి. పిల్ల కార్తీకంలో వస్తే పెరిగేదెప్పుడు? ఇక సైజు. వేలెడు పొడవు లేని పిల్లను వదిలితే కొరమీనుకూ వాలుగకూ మేత వేసినట్టే. రకాల పొత్తు కూడా ముఖ్యమే. బొచ్చె పైనీటిలో, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. ఒకే రకం కుమ్మరిస్తే తిండికి కొట్టుకుంటాయి, తక్కిన నీరు వృథా.

ఇది చేపలోళ్ల గోల, కూలీలకెందుకు అనకండి. ఆ చెరువు కట్టకు మట్టి మోసింది కూలీలే. వల లాగే రోజున కూలికి వచ్చేదీ వాళ్లే. సొసైటీ అప్పుల్లో మునిగి చెరువు షావుకారు చేతికి పోతే మత్స్యకారుడికి హక్కూ పోతుంది, కూలీకి రేటు అడిగే నోరూ పోతుంది.

కనుక అడగాల్సింది ఇది. ప్రభుత్వ చేపపిల్లల కేంద్రాలను మూలపడేయకుండా నడపాలి. సొసైటీలు సొంతంగా పిల్లలు తీసుకునేందుకు శిక్షణ, పెట్టుబడి ఇవ్వాలి. చెరువు నిండిన నెలలోపే వేలెడు పిల్ల రావాలి. సభ్యుల ఎదుట, కట్ట మీదే లెక్కపెట్టి వదలాలి. వల లాగే కూలి రేటు ముందే తేల్చాలి.

చేప వరద కోసం ఎదురుచూస్తుంది, అది దాని స్వభావం. మనం ఎవరి దయ కోసమో ఎదురుచూడాల్సిన పనిలేదు. శీలావతి ఎదురెక్కే చేప. చెరువును నమ్ముకున్న జనమూ ఎదురెక్కాలి.