మిల్లు స్థలంలో పేదవారి ఇల్లు: ముందు మట్టిని పరీక్షించాలి



క్షయ రోగికి ఆరు నెలలకు మందులు ఇస్తాము. కాని ఆ మనిషి రాత్రి పడుకునేది కిటికీ లేని ఒంటి గదిలో అయితే, పక్కనే పడుకునే పిల్లలకు కూడా ఆ జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే ఇల్లు అనేది ఆస్తి విషయం మాత్రమే కాదు, ఆరోగ్య విషయం కూడా.

మన పట్టణాలలో మూతపడిన మిల్లుల స్థలాలు, ఫ్యాక్టరీల స్థలాలు ఉన్నాయి. వీటిలో చాలా వాటికి బడి, బస్సు, ఆసుపత్రి, పని దొరికే చోటు దగ్గరగా ఉంటాయి. అలాంటి స్థలాలలో కొంత భాగం తక్కువ ఆదాయం గల కుటుంబాల ఇళ్లకు కేటాయించాలని మా అభిప్రాయం. అయితే రెండు షరతులు ఉండాలి. ఒకటి, ఆ ఇళ్లు నిజంగా ఆ కుటుంబాలకే దక్కాలి. రెండు, పునాది తీయకముందే అక్కడి మట్టిని, నీటిని పరీక్షించాలి.

మొదటి షరతు ఎందుకో ముంబై మిల్లుల చరిత్ర చెబుతుంది. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలెన్నో ఆ మిల్లులలో చెమటోడ్చాయి. 1982 జనవరిలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. తరువాతి కాలంలో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆ స్థలాలలో కొత్త కట్టడాలు కట్టాలంటే సుమారు మూడో వంతు నగరపు ఖాళీ జాగాలకు, మరో మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి ఇవ్వాలని, మిగిలినది యజమానికని 1991లో నిబంధన వచ్చింది. 2001లో దానిని సవరించి, ఈ పంపకం ఖాళీగా ఉన్న నేలకే వర్తిస్తుందని, షెడ్లు ఉన్న నేలకు వర్తించదని అన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మిల్లులు పోయిన చోట మాల్స్, ఆఫీసులు, ఖరీదైన టవర్లు లేచాయి. 2012లో కార్మికుల కోసం తీసిన లాటరీలో ఉన్నవి 6,925 ఇళ్లు, ఒక్కొక్కటి 225 చదరపు అడుగులు. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టినవారు లక్షకు పైగా ఉన్నారు. నిబంధనలో ఒక్క మాట మారినందుకు వేల కుటుంబాల వాటా చేజారింది.

రెండవ షరతు ఎందుకో అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణం చెబుతుంది. అక్కడ లవ్ కెనాల్ అనే పాత కాలువలో ఒక రసాయనాల కంపెనీ సుమారు 21,000 టన్నుల వ్యర్థాలను పూడ్చిపెట్టింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు పాఠశాల బోర్డుకు ఇచ్చింది. దానిమీద బడి, చుట్టూ ఇళ్లు వెలిశాయి. కాలక్రమంలో ఆ రసాయనాలు ఇళ్ల నేలమాళిగలలోకి ఊరాయి. 1978లో అమెరికా అధ్యక్షుడు అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. వందలాది కుటుంబాలు ఇళ్లు విడిచిపోయాయి.

పాత ఫ్యాక్టరీ నేలలో సీసం, క్రోమియం, ఆస్‌బెస్టాస్, అద్దకపు రసాయనాలు మిగిలి ఉండవచ్చు. పైకి చూస్తే అది మామూలు మట్టిలాగే ఉంటుంది. చిన్నపిల్లలు ఆ నేలమీద ఆడుకొని చేతులు నోట్లో పెట్టుకుంటారు. సీసం బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దు దానికి లేదు. జరిగిన నష్టాన్ని మందులతో పూర్తిగా సరిచేయలేము.

లేవీయకాండము 14వ అధ్యాయం మనకు తెలిసినదే. ఇంటి గోడలో పొడ కనిపిస్తే యాజకుడు వచ్చి చూడాలి. ఇల్లు మూసి, ఏడు రోజుల తరువాత మళ్లీ చూడాలి. అది వ్యాపిస్తే చెడిన రాళ్లు తీయించి ఊరి వెలుపల పారవేయించాలి. ఇల్లు బాగుపడిందని తేలాకే అది పవిత్రమని చెప్పాలి. పరీక్ష తరువాతే కాపురం అన్న ఆ క్రమం నేటికీ మంచిదే.

"పేదవానికి ముందు నీడ దొరకనివ్వండి, పరీక్షలంటూ ధర పెంచకండి" అనేవారు ఉన్నారు. వారి తొందరలో న్యాయం ఉంది. వానలో తడిసే కుటుంబానికి ఆలస్యం కూడా బాధే. కాని నేలను శుభ్రం చేసే ఖర్చు ఇల్లు కొనుక్కునే కూలి మనిషి మీద పడకూడదు. పాడుచేసినవారే దానిని భరించాలి. వారు లేకపోతే ప్రభుత్వం భరించాలి. కలుషిత స్థలాల గురించి కేంద్ర ప్రభుత్వం 2025లో తెచ్చిన నియమాలు కూడా పాడుచేసినవారినే బాధ్యులను చేస్తున్నాయి.

కాబట్టి మీ ఊరిలో పాత ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు కడుతుంటే అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. ఇక్కడ పూర్వం ఏమి తయారయ్యేది? మట్టి, బోరు నీటి పరీక్షల రిపోర్టు ఏదీ? ప్రతి గదికి గాలి, వెలుతురు వస్తాయా? తక్కువ ఆదాయం వారికి ఎన్ని ఇళ్లు అని కాగితం మీద రాశారా? ఒక్కరు అడిగితే జవాబు రాకపోవచ్చు. సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యువజనులు కలిసి మున్సిపల్ ఆఫీసుకు అర్జీ పెడితే ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.

మీ గృహములను, వాటిలో పెరుగుతున్న పిల్లలను దేవుడు కాపాడును గాక.